ఎర్రయ్య పోసిన చెంబెడు నూనె

కశింకోట నుంచి అనకాపల్లి వెళ్ళే షేర్ ఆటోలో ఎర్రయ్య పక్కన సీటు దొరికిందా, ఇక మీ పని అయిపోయిందన్నమాటే. ఊళ్ళోకి దిగేలోపు అతని కోడలి పేరేమిటో, ఏం చదివిందో, ఏ బేరింగు ఎలా ఊడదీసిందో అంతా మీకు కంఠతా వచ్చేస్తుంది. మీరు ఫోను చూసుకుంటున్నా, అటు తిరిగి కూర్చున్నా అతనికి పట్టదు. వినేవాడికి ఓపిక ఉందా లేదా అన్నది గొప్పలు చెప్పేవాడు ఆలోచించాల్సిన సంగతి కాదని అతని అభిప్రాయం.

అలాగని గొప్పలు తప్ప మరేమీ లేని మనిషనుకునేరు, తప్పు. చెరకు తోటల మధ్య పుట్టి బెల్లం పొయ్యి దగ్గర పెరిగినవాడు ఎర్రయ్య. కుర్రతనంలో గానుగకి కట్టిన ఎద్దుల వెనకాల తిరిగాడు. తర్వాత డీజిలింజను వచ్చింది, ఆ తర్వాత కరెంటు మోటారు వచ్చింది. గానుగలు ఎన్ని మారినా పెనం దగ్గర ఎర్రయ్య స్థానం మారలేదు. రసం కాగి చిక్కబడే వేళకి గరిటెతో కాస్త తీసి గిన్నెడు నీళ్ళల్లో చుక్క వేసి చూస్తాడు. చుక్క చెదిరిపోతే ఇంకా కాగాలి, అడుక్కి దిగి ముద్దకడితే పెనం దింపెయ్యాలి. చాలాసార్లు నీళ్ళు కూడా అక్కర్లేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి తీగ లాగి చెప్పేస్తాడు. అతను దింపమన్న బెల్లానికి అనకాపల్లి మార్కెట్ యార్డులో వంక పెట్టినవాడు లేడు. ఈ మాట చెప్పేది అతనే అయినా, అబద్ధం మాత్రం కాదు.

వాళ్ళ ఊళ్ళో చెరకు ఆడించుకోవడం వంతుల ప్రకారం జరుగుతుంది. ఎవరి వంతు మొదలైనా ముందు గానుగకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పెద్దవాడి చేత నూనె పోయించాలి. గానుగ కడుపు చల్లగా ఉంటే వంతు చల్లగా సాగుతుందని నమ్మకం. పళ్ళచక్రాలు బయటికి కనబడే పాత ఇనుప గానుగల రోజుల్లో అది నమ్మకమే కాదు, అవసరం కూడా. ఆముదం పోస్తేనే అవి గీపెట్టకుండా తిరిగేవి. అప్పట్లో ఎర్రయ్య తండ్రి పోసేవాడు, ఆయన పోయాక ఎర్రయ్య పోస్తున్నాడు. ఆ చెంబు చేత్తో పట్టుకున్నప్పుడు అతని నడకే వేరుగా ఉంటుంది.

ఈమధ్య నాలుగైదు కుటుంబాలు కలిసి చెరకు ఆడే కొత్త క్రషర్ కొన్నాయి. దాని గేర్లన్నీ మూతపెట్టిన ఇనుప పెట్టెలో, సింథటిక్ నూనెలో మునిగి ఉంటాయి. ఎంత వేడికైనా పలచబడిపోకుండా ఓర్చుకునేలా ఫ్యాక్టరీలో తయారుచేసిన ఖరీదైన నూనె అది. ఆ మిషను చూసుకునేది ఎర్రయ్య కోడలు బిందుమాధవి. రావికమతం పిల్ల. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు పని చేసి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చింది. కోడలు రెంచి పట్టుకుని మోచేతుల దాకా గ్రీజు పూసుకోవడం మొదట్లో ఎర్రయ్యకి బొత్తిగా నచ్చలేదు. ఒకనాడు ఆమె రోలర్ దగ్గర చెవిపెట్టి విని, బేరింగు పోతోంది, ఈ పూట ఆపి మార్చకపోతే షాఫ్టు కూడా పోతుందంది. మూతి ముడుచుకునే సరేనన్నాడు. విప్పి చూస్తే బేరింగులో గుండ్లు పగిలి ఉన్నాయి. షేర్ ఆటోల్లో జనానికి కష్టాలు మొదలైంది ఆ రోజు నుంచే.

నూనె పోసే ఆనవాయితీని ఆమె మాన్పించలేదు. కొత్త గేర్‌బాక్సుకి వంతువంతుకీ నూనె అక్కర్లేదని తెలిసినా, మామగారి చేతిలో చెంబు లాక్కోవడం ఆమెకి ఇష్టంలేకపోయింది. చెంచాడే పొయ్యమంది, అది కూడా ఆ మిషనుతో వచ్చిన టిన్నులోదే పొయ్యమంది. ఎర్రయ్య ఒప్పుకున్నాడు.

ఆ మాఘమాసంలో తాతబ్బాయి వంతు వచ్చింది. ఎర్రయ్యకి బావ వరస, చిన్నప్పటి నుంచీ జోడీ. గేర్‌బాక్సు సీలు దగ్గర సన్నగా కారడం వల్ల లోపల నూనె కింది గీత దాకా దిగింది. టిన్ను కూడా ఖాళీ అయినట్టే ఉంది. అనకాపల్లి యార్డుకి బెల్లం తీసుకెళ్తున్న మామగారి ఫోనులోకి బిందుమాధవి పాత టిన్ను ఫొటో పంపి, సరిగ్గా ఇదే తెమ్మంది. అంగట్లో అది లేదు. వేరే కంపెనీ టిన్ను చూపించారు. దాని మీదా సింథటిక్ అనే ఉంది, దీని మీదా సింథటిక్ అనే ఉంది. చిక్కదనం అంకె కూడా అదే. కలపొచ్చో లేదో మీ మెకానిక్‌ని ఒకసారి అడగండని అంగడాయన మంచి మాటే చెప్పాడు. మెకానిక్ మా ఇంట్లోనే ఉందని ఎర్రయ్య అందుకున్నాడు. బేరింగు కథ పూర్తయ్యేసరికి అంగడాయన చెప్పిన మాట గాలికి పోయింది.

అయినా ఎర్రయ్య చూడకుండా కొనే రకం కాదు. మూత విప్పించి ఒక చుక్క వేళ్ళ మధ్య రాసి, పాకం లాగినట్టు తీగ లాగాడు. పాత నూనె ఎలా సాగేదో ఇదీ అలాగే సాగింది. రంగు కూడా ఆ తేనె రంగే. జీవితంలో ఆ రెండు వేళ్ళు అతన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

మర్నాడు తెల్లారుతూనే పూజ. బిందుమాధవి పిల్లాణ్ణి బడికి తయారుచేసి రావాలి, ఇంకా రాలేదు. ఎర్రయ్య పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, గేర్‌బాక్సు మీద బిరడా తిప్పి తీశాడు. పాత టిన్ను ఖాళీదనుకుని పక్కకి నెట్టి, కొత్త టిన్నులోంచి చెంబులోకి వంచాడు. చెంచాడు పోశాక చెయ్యి ఆగలేదు. లోపల తక్కువగా ఉందని కోడలే అంది కదా, తన చేత్తోనే నింపితే మంచిదే కదా అనుకున్నాడు. చెంబు మొత్తం వంచి, బిరడా బిగించి, సంతోషంగా చెయ్యి తుడుచుకున్నాడు.

బిందుమాధవి వచ్చి కొత్త టిన్ను చూసింది. అటూ ఇటూ తిప్పి చదివింది. మూత ఎందుకు విప్పి ఉందని అడిగింది. అంగట్లోనే విప్పించి చూశానని ఎర్రయ్య చెప్పాడు. అది నిజమే. తర్వాత ఆమె అన్న మాటకి మాత్రం అతని చూపు గేర్‌బాక్సు మీదికి పోయింది. సింథటిక్ అన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావని, ఒక రకం మరో రకంతో అస్సలు పడదని, అలాంటివి కలిసి తిరిగితే జిగురు కట్టి గేర్లని పట్టేస్తాయని, ఫ్యాక్టరీలో ఉండగా తను కళ్ళారా చూసిందని చెప్పింది. టిన్ను మీద నంబరుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏ రకమో తేలేదాకా మిషను తిప్పొద్దంది.

అప్పటికే తాతబ్బాయి చెరకు కోయించి రెండు ట్రాక్టర్లలో తెచ్చి పడేశాడు. కోసిన చెరకు ఆగదు. ఎండ తగిలిన కొద్దీ రసం తగ్గుతుంది, పాకం రంగు చెడుతుంది. ఏడాది పొడుగునా పడ్డ కష్టం అక్కడ కుప్పగా పడి ఉంటే, మిషను తిప్పొద్దంటే ఎవడికి మండదు? చెరకు మీద ఆకు కప్పించి నీళ్ళు చల్లమని బిందుమాధవి కూలీలకి చెప్పి తన పనిలో పడింది.

పాత టిన్ను బాగా వంచితే అడుగున గ్లాసుడు నూనె మిగిలే ఉంది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో పాత నూనె చుక్క, రెండోదాంట్లో కొత్త నూనె చుక్క వేసింది. పాతది నీళ్ళ మీద తేలింది. కొత్తది నెమ్మదిగా కిందికి దిగి గ్లాసు అడుగున కూర్చుంది. పక్కనే నిలబడి చూస్తున్న ఎర్రయ్యకి ఇంకెవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ళల్లో చుక్క ఏం చెబుతుందో చదవడమే అతని బతుకు. ఒకటి తేలి ఒకటి మునిగాక అవి రెండూ ఒకటెలా అవుతాయి? అతని రెండు వేళ్ళూ మొదటిసారి మోసం చేశాయి.

ఇది సూచన మాత్రమేనని, సీసాల్లో కలిపి చూస్తేగాని తీర్పు చెప్పనని అంది ఆమె. బాగా ఆరబెట్టిన సీసాలు తెచ్చి, ఒకదాంట్లో రెండు నూనెలూ సగం సగం, ఒకదాంట్లో పాతది ఎక్కువ, ఒకదాంట్లో కొత్తది ఎక్కువ పోసి కుదిపింది. విడివిడిగా ఏ నూనెకా నూనె పోసిన సీసాలు కూడా పోల్చుకోవడానికి పక్కన పెట్టింది. అన్నిటినీ వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టింది. నడిచే గేర్‌బాక్సు ఎంత వేడెక్కుతుందో ఇవీ అంత వేడెక్కాలట. తేటగా ఉన్నంతమాత్రాన కలపొచ్చని కాదు, ఒక్కో కంపెనీ నూనెలో కలిపే మందులు ఒకదానికొకటి పడకపోవచ్చు. తెల్లబడితే మాత్రం ఇక మాట్లాడుకోనక్కర్లేదు. ఇదంతా ఆమె తాతబ్బాయికి ఓపిగ్గానే చెప్పింది. అతను వినే స్థితిలో లేడు. ఆమెతో అనలేక ఎర్రయ్య మీద పడ్డాడు.

"బావా, సెరుకు కోసి పడేసేను. సీసాలకేసి సూత్తా కూకుంటే నా బెల్లం ఎవుడు వండుతాడు? నీ కోడలు నీకు గొప్పయితే ఇంట్లో సెప్పుకో."

ఇంకో రోజైతే ఆ మాటకి ఎర్రయ్య తువ్వాలు దులిపి లేచేవాడు. ఆ రోజు లేవలేదు. మిషను ఇంకా తిరగలేదు కదా, చెంబెడే కదా, సీసాలు తేటగా వస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని లోపల లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాడు. నూనె పోసే పెద్దరికం తండ్రి నుంచి వచ్చింది. ఆ చేత్తోనే మిషను పాడుచేశాడన్న మాట ఊళ్ళో పడితే మళ్ళీ ఆ చెంబు పట్టుకోగలడా? అన్నిటికన్నా, కోడలు చెయ్యొద్దన్న పనే చేశానని కోడలి ముందే ఒప్పుకోవాలి. అందరి ముందూ ఆమెని అంత ఎత్తున నిలబెట్టినవాడు, ఆమె మాట ఒక్క పొద్దు కూడా నిలబెట్టలేకపోయాడు.

మధ్యాహ్నానికి బిందుమాధవి సీసాలు తీసి వెలుతురుకి పట్టుకుంది. కలిపినవన్నీ విరిగిన పాలలా తెల్లబడ్డాయి. సగం సగం పోసినదాంట్లో అడుగున తీగలు తీగలుగా చిక్కుపడి ఉంది. తాతబ్బాయి కూడా వంగి చూసి వెనక్కి తగ్గాడు. ఆమె ముఖంలో మాత్రం గర్వం దాగలేదు. దాచుకోవాలని కూడా అనుకోలేదు. చూశారా బాబాయ్, తొందరపడి ఇది పోసుంటే మీ వంతూ పోయేది, మిషనూ పోయేదంది.

తర్వాత గేర్‌బాక్సు పక్కకి బిగించిన గాజు అద్దంలోంచి లోపలి నూనె మట్టం చూసింది. నిన్నటికన్నా కాస్త పైకే కనబడింది. నిన్న తనే సరిగ్గా చూడలేదేమో, ఇవాళ్టికి ఈ నూనె చాలుతుంది, కొత్త టిన్ను ముట్టుకోవద్దు, సాయంత్రానికి త్రినాథ్ విశాఖపట్నం వెళ్ళి సరైన నూనె తెస్తాడు అని చెప్పింది. త్రినాథ్ ఆమె భర్త. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. తాతబ్బాయి కూలీల్ని కేకేశాడు. పొయ్యి రాజేశారు. మొదటి చెరకు కట్ట రోలర్ల ముందుకి వచ్చింది. బిందుమాధవి స్విచ్చి మీద చెయ్యి వేసింది.

ఎర్రయ్య అప్పుడు లేచాడు. మిషనుకీ ఆమెకీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"ఆపమ్మా. అద్దంలో నూనె ఎక్కువెందుకుందో నాకు తెలుసు. పొద్దున్న పూజకి ఆ కొత్త నూనె సెంబుడు నేనే పోసేసేను. నువ్వు వద్దన్నావని తెలిసీ పోసేను. ఇందాకట్నుంచీ సెప్పనేక సత్తన్నాను."

ఆమె చెయ్యి స్విచ్చి మీంచి దిగింది. తాతబ్బాయికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే ఈ ముక్క చెప్పుంటే సగం పూట కలిసొచ్చేది, నూనె తేవడానికి మనిషి ఎప్పుడో వెళ్ళేవాడు, ముసలోడు ఊరి కొంప ముంచేడని నోటికొచ్చినట్టు అన్నాడు. ఎర్రయ్య తలవంచుకుని అన్నీ పడ్డాడు. తాతబ్బాయి అన్నదాంట్లో తప్పులేదని అతనికి తెలుసు.

బిందుమాధవి అడిగింది ఒక్కటే. పోశాక మిషను ఒక్క చుట్టైనా తిరిగిందా? తిరగలేదని ఎర్రయ్య చెప్పాడు. ఆమె వెంటనే గేర్‌బాక్సు కింద పళ్ళెం పెట్టి, అడుగు బోల్టు కొద్దికొద్దిగా వదులు చేసింది. ముందు నూనె సన్నటి తీగలా దిగింది. ఆ మొదట దిగినదాంట్లోంచి ఒక చుక్క నీళ్ళల్లో వేసింది. మునిగింది. కాసేపాగి మరో చుక్క వేస్తే తేలింది. ఆమె అలాగే కింద కూర్చుండిపోయి పెద్దగా ఊపిరి వదిలింది. కొత్త నూనె బరువైనది, కదపకుండా ఉన్నందుకు కలవకుండా అడుక్కి దిగి బోల్టు దగ్గరే చేరింది. స్విచ్చి నొక్కి ఉంటే గేర్లు రెండింటినీ మజ్జిగలా చిలికేసేవి. అప్పుడు సీసాలో కనబడ్డ ఆ చిక్కు తీగలన్నీ పళ్ళ మధ్య ఉండేవి.

అడుగుది మాత్రమే తీసేసి ఊరుకోలేదు ఆమె. మొత్తం నూనె దింపేసింది. త్రినాథ్ బండి మీద విశాఖపట్నం పరిగెత్తి, పాత రకమే, కాస్త ఎక్కువే తెచ్చాడు. ముందు కొంత పోసి లోపలంతా కడిగి దింపేసి, తర్వాత గీత దాకా నింపింది. సందెవేళకి క్రషర్ తిరిగింది. చప్పుడు ఎప్పటిలాగే గుండ్రంగా, తీరుగా ఉంది. ఆకు కింద తడిగా ఉన్న చెరకు పెద్దగా చెడలేదు. పాకం దింపడానికి ఎర్రయ్య పెనం దగ్గరికి వెళ్ళలేదు, దూరంగా అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి తాతబ్బాయే వచ్చి, ఇంకా అలకేటి బావా, రసం కాగిపోతంది, రా అని చెయ్యి పట్టుకుని లేపాడు.

ఆ వారంలోనే తాతబ్బాయి బెల్లం దిమ్మలు అనకాపల్లి యార్డుకి వెళ్ళాయి. సీలు కొనాలని బిందుమాధవి కూడా వచ్చింది. ఎర్రయ్య కూడా వచ్చాడు కాని, మిషను ఆగిన నాటి నుంచీ అతని నోట ఒక్క గొప్పా రాలేదు. ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? యార్డులో రోలుగుంట వైపు నుంచి దేముడనే రైతు వాళ్ళని వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ దగ్గరా అలాంటి క్రషరే ఉందట. సీసాల్లో నూనె కలిపి చూసి గేర్‌బాక్సుని కాపాడిన అమ్మాయి నువ్వేనటగా, ఎలా చేశావో మాకూ చెప్పమ్మా అని అడిగాడు. చుట్టూ నలుగురు చేరారు. చెంబు సంగతి వీళ్ళ దాకా వచ్చేసిందేమోనని ఎర్రయ్య దిమ్మల చాటుకి జరిగాడు.

సీసాలు ఎలా కడగాలో, ఎంత వేడి చెయ్యాలో, ఎంతసేపు ఆగాలో ఆమె అంతా చెప్పింది. తేటగా వచ్చినా కంపెనీని అడగకుండా కలపొద్దంది. ఒకే రకం దొరికేదాకా ఆగడం అన్నిటికన్నా మేలంది. అక్కడితో ఆగుతుందనుకుంటే ఆగలేదు. వెనక్కి తిరిగి మామగారిని వెతికి, మోచెయ్యి పట్టుకుని అందరి మధ్యకి తీసుకొచ్చింది.

"సీసాల వల్ల సగమే తేలింది బాబాయ్. గేర్‌బాక్సు లోపల ఏం కలిసిందో ఏ సీసా చెబుతాది? నా చెయ్యి స్విచ్చి మీదుంది. ఊరంతా చూత్తోంది. అప్పుడు అడ్డమొచ్చి, తప్పు నాది, నేను పోసేనని చెప్పేరు ఈయన. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు, మిషను పోయుంటే పేరు పోయేది నాది. మా మావయ్య తన పరువు అక్కడ పెట్టి నా మాట నిలబెట్టేరు. మీ ఊళ్ళో అలాంటి పెద్దోళ్ళుంటే మీ మిషనుకీ ఏం కాదు."

జీవితమంతా ఇంకొకరి చెవులు పట్టుకుని గొప్పలు చెప్పిన ఎర్రయ్యకి, తన గొప్ప వేరొకరి నోట వినడం అదే మొదలు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. దేముడు వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కోడలు తనని వదలకుండా, ఇంకా గర్వంగా అందరి ముఖాల్లోకీ చూస్తూ నిలబడే ఉంది. ఎర్రయ్య తల ఎత్తి, ఆమె పక్కనే నిలబడ్డాడు.